ఐదో క్యాను

మా మేనత్త పాలల్లో నీళ్ళు కలిపి పట్టుబడిందని చెబితే, ఆవిడని ఎరిగినవాళ్ళు ముందు నవ్వుతారు. తర్వాత నా మొహం చూసి నవ్వు ఆపేస్తారు. పందొమ్మిదేళ్ళపాటు మా ఊరి పాలకేంద్రంలో కూర్చుని, ఒక్కరిని కూడా గ్లాసుడు నీళ్ళు కలపనివ్వని మనిషి ఆవిడ. అలాంటి మనిషి చేత ఆ పని చేయించింది కరువేనని ఊళ్ళో అంటారు. కరువు వచ్చి ఆవిడ చెవిలో ఏమీ చెప్పలేదు, చెప్పింది నేను. అందుకే ఒళ్ళు మండుతున్నా సరే, జరిగింది నేనే చెప్పాలి.

కేంద్రం అంటే ఏదో పెద్ద భవనం అనుకోకండి. రేకుల కప్పున్న ఒకే ఒక్క గది. దాని ముందు లారీ ఎత్తుకు సరిపోయేలా కట్టిన సిమెంటు గట్టు, నిండిన క్యాన్లు అక్కణ్ణుంచి నేరుగా లారీలోకి దొర్లించడానికి. లోపల ఒక బల్ల, దాని మీద చేత్తో తిప్పే వెన్న పరీక్ష యంత్రం, వరసగా గాజు గొట్టాలు, యాసిడ్ సీసా, పాలల్లో వదిలి చిక్కదనం చూసే లాక్టోమీటరు. యాసిడ్ చుక్కలు పడీ పడీ అత్త చీరలన్నింటికీ ఒడి దగ్గర సన్న చిల్లులుండేవి. కొత్త చీర కట్టినా నెల తిరిగేసరికి అంతే సంగతి. "ఈ ఉద్యోగంలో తగలేసిన చీరలుంటే బట్టల కొట్టు పెట్టుకునేదాన్ని" అని విసుక్కునేది. ఊళ్ళో అందరూ ఆవిడని మీటరమ్మ అనేవాళ్ళు. ఎదురుగా అనే ధైర్యం ఎవరికీ లేదు లెండి.

ఆవిడ ముక్కుసూటితనానికి ముందు బలైంది మా అమ్మే. ఒకరోజు అమ్మ గిన్నె తొలిచిన నీళ్ళు కాసిని పాలల్లోనే ఒంపేసింది. గ్లాసుడు కూడా ఉండవు. అత్త లాక్టోమీటరు వంక చూసి, గిన్నె పక్కకి జరిపి, వరసలో ఉన్న పాతికమంది ముందు, "వదినా, ఇవి నేను తీసుకోను" అంది.

"సొంత అన్న ఇంటి పాలు వెనక్కి పంపుతావా?" అంది అమ్మ.

"అన్న ఇంటివి కాబట్టే పంపుతున్నా. ఇవాళ నిన్ను వదిలేస్తే, రేపు నేనెవర్ని ఆపగలను?"

అమ్మ రెండు నెలలు ఆడపడుచుతో మాట్లాడలేదు. పాలు మాత్రం ఒక్క పూట ఆపలేదు, నాతో పంపించేది. అలక అలకే, గేదె గేదే. ఆ రోజు నుంచి ఊళ్ళో ఎవరూ మళ్ళీ ప్రయత్నించలేదు.

ఆ గది మా ఊరికి ఏం చేసిందో చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. మాది వాన పడితేనే పంట, అదీ ఏడాదికి ఒక్కటే. పడకపోతే వచ్చే ఏడాది దాకా నోరు మూసుకుని కూర్చోవడమే. పాలు అలా కాదు, రోజూ వస్తాయి, పదిరోజులకోసారి చేతిలో నాలుగు రాళ్ళు పడతాయి. ఊళ్ళో వాళ్ళ దగ్గర ఎప్పుడూ కొంచెం డబ్బు ఆడుతుందని తెలిశాక ఒక టైలరు వచ్చాడు. ఆ పక్కనే సైకిళ్ళు బాగుచేసేవాడు, తర్వాత టీ కొట్టు. రోజుకి ఒక్కసారి వచ్చే బస్సు మూడుసార్లు రావడం మొదలైంది. ఆ బస్సులోనే నేను కాలేజీకి వెళ్ళాను. నాలాగే ఇంకో పదకొండు మంది ఆడపిల్లలు వెళ్ళారు. పెళ్ళయి ఊళ్ళోనే ఉండిపోయిన నేను సొంతంగా ఒక గేదెని కొనుక్కున్నాను. ఆఫీసుల్లో అభివృద్ధి అని గోడల మీద రాస్తారు. మా ఊళ్ళో అది పొద్దున్నే పన్నెండు క్యాన్లలో లారీ ఎక్కేది.

మొదటి ఏడాది వాన మొహం చాటేస్తే ఎవరం పెద్దగా బెంగపడలేదు. పంట పోయింది, పాలున్నాయి కదా అనుకున్నాం. రెండో ఏడాది మేత అయిపోయింది. ఎండుగడ్డి కోసం మగవాళ్ళు ఎక్కడెక్కడికో పోయి, తెచ్చిన మోపుల్ని బంగారంలా గదుల్లో పెట్టి తాళాలేసుకున్నారు. మూడో ఏడాది బోర్లు గాలి కక్కాయి. అప్పటినుంచి రోజు విడిచి రోజు ట్యాంకరు వచ్చేది. ఇంటికి ఎనిమిది బిందెలు. అంటే రోజుకి నాలుగు. మేపు బాగున్న గేదె ఒక్కటే నాలుగు బిందెలు తాగుతుంది. ఇక మనం ఏం తాగాలి, ఏం వండాలి, గేదె ముందు బకెట్టు పెట్టి ఎప్పుడు లాగేసుకోవాలి? సగం తాగుతుండగా బకెట్టు లాగేస్తే అది తలెత్తి మన వైపు చూస్తుంది. ఆ చూపు భరించలేక మా వీధిలో ఇద్దరు గేదెల్ని అమ్మేశారు. పన్నెండు క్యాన్లు తొమ్మిదయ్యాయి, తొమ్మిది ఏడయ్యాయి.

ఇక్కడో తమాషా జరిగింది. గేదె ఎండిపోయే కొద్దీ పాలు తగ్గుతాయి గానీ, ఇచ్చే ఆ కాసిన్ని చిక్కగా ఉంటాయి. వెన్న ఏడు శాతం దగ్గర ఉండేది ఎనిమిదిన్నరకు ఎక్కింది. దాంతో డెయిరీ ఆఫీసు నుంచి మా కేంద్రానికి ప్రశంసాపత్రం వచ్చింది. చుట్టుపక్కల కేంద్రాలన్నింటిలో మాదే ఉత్తమ నాణ్యత అట. అత్త దాన్ని రెండుసార్లు చదివి, "చావబోయే ముందు మొహం కళగా ఉందని మెచ్చుకున్నట్టుంది" అని బల్ల సొరుగులో పడేసింది.

నెల తిరక్కుండానే అదే ఆఫీసు నుంచి రెండో కాయితం వచ్చింది. రోజుకి కనీసం ఐదు క్యాన్లు లేని కేంద్రానికి లారీ పంపడం గిట్టుబాటు కాదు, వరసగా పదిహేను రోజులు ఐదు కంటే తగ్గితే ఆ దారి రద్దు చేస్తాం అని. అప్పటికి మాకు ఐదున్నర వస్తున్నాయి. లారీ ఆగితే పాలు కొనేవాడు లేడు, పాలు కొనేవాడు లేకపోతే గేదెని ఎవరూ ఉంచుకోరు. అది చిన్నపిల్లాడికైనా తెలిసిన సంగతే. అత్త ఆ కాయితం పట్టుకుని నన్ను వెంటేసుకుని ఆఫీసుకి బయల్దేరింది.

ఆఫీసరు మంచివాడే. అదే నా బాధ. కసురుకుంటే తిట్టుకుంటూ వచ్చేసేవాళ్ళం. అతను కుర్చీలు వేయించాడు, టీ చెప్పాడు, మేం చెప్పిందంతా తలూపుతూ విన్నాడు. వెనక గోడ మీద లారీలు తిరిగే దారుల పటం ఉంది. మా ఊరి దారి మీద అప్పటికే ఎర్ర పెన్సిలు గీత ఉంది. ఆ గీత నేనూ చూశాను, అత్తా చూసింది.

"మీ ఇబ్బంది నాకు అర్థమైందమ్మా. కానీ సగం ఖాళీ లారీకి డీజిల్ నేనెక్కణ్ణుంచి తేను? వానలు పడనివ్వండి. మళ్ళీ మొదలుపెడదాం" అన్నాడు.

"సార్, ఇప్పుడు లారీ ఆపితే వానలు పడేలోపు గేదెలన్నీ అమ్ముడైపోతాయి. మళ్ళీ ఒక పెయ్యదూడ పుట్టి, పెరిగి, ఈని, పాలివ్వడానికి నాలుగేళ్ళు పడుతుంది. వాన పడిన మర్నాడు మీరు లారీ పంపితే, దాన్లోకి ఏం ఎక్కించమంటారు?"

అతను పెన్ను మూత తీసి పెట్టాడు, మళ్ళీ తీశాడు.

"రూల్సు నేను రాయలేదమ్మా."

"పోనీ రాసినాయన ఎక్కడుంటాడో చెప్పండి, అక్కడికే పోతాం."

ఆయన ఎక్కడుంటాడో అతనికీ తెలియదట. కరువు మండలాలకి మేత కేంద్రాలు పెట్టమని ఒకళ్ళకి రాయమన్నాడు, నీళ్ళ సంగతి ఇంకొకళ్ళకి చెప్పమన్నాడు. మేం మూడు నెలలు కాళ్ళరిగేలా తిరిగి, అందరికీ అన్నీ రాసిచ్చాం. మేత కేంద్రం పెట్టారు, నలభై కిలోమీటర్ల అవతల. నడవలేని గేదెల్ని అక్కడిదాకా నడిపించుకెళ్ళి మేపుకోవాలన్నమాట. ఈ తెలివి ఎవరిదో గానీ, వాళ్ళ కాళ్ళకి దణ్ణం పెట్టాలి.

ఎండాకాలం నడిమధ్యకి వచ్చేసరికి పాలు నాలుగున్నర క్యాన్లకి పడ్డాయి. ఒకరోజు, రెండు రోజులు, మూడు రోజులు. అత్త గోడ మీద బొగ్గుతో గీతలు గీసేది, పదిహేను వస్తే కథ కంచికే. తొమ్మిదో గీత గీసిన పొద్దున, అందరూ వెళ్ళాక, నేను గదిలోనే ఉండిపోయాను.

"అత్తా, ఒక మాట చెప్తా, కోప్పడకు. మన పాలకి వెన్న ఎనిమిదిన్నర ఉంది. ఆఫీసు వాళ్ళకి ఆరుంటే చాలు కదా?"

ఆవిడ గాజు గొట్టాలు కడుగుతోంది. నా వైపు తిరగలేదు.

"సగం క్యాను తక్కువ. అంటే బిందెన్నర నీళ్ళు. ఐదు క్యాన్లలో అవి ఎక్కడుంటాయి? వెన్న ఏడున్నరకి దిగుతుంది, అంతే. అప్పటికీ మిగతా ఊళ్ళ పాలకంటే మనవే చిక్కన. మనం ఎవర్నీ మోసం చేసినట్టు కాదు."

"మోసం కాకపోతే, అందరూ వెళ్ళేదాకా ఎందుకు ఆగావు?" అంది.

నాకూ ఒళ్ళు మండిపోయింది. "సరే, నీ నిజాయితీ నువ్వు దాచుకో. ఇంకో ఆరు గీతలయ్యాక ఊరంతా మూటలు సర్దుకుంటుంటే ఈ గదిలో కూర్చుని లాక్టోమీటరు తుడుచుకుంటూ ఉండు" అనేసి వచ్చేశాను. మేనత్తతో ఆ మాట అన్నందుకు దారంతా నన్ను నేనే తిట్టుకున్నాను.

మర్నాడు పొద్దున్న లారీలోకి ఐదు క్యాన్లు ఎక్కాయి. చిట్టీ మీద అత్త చేతిరాతతో ఐదు అని ఉంది. ఎవరూ ఏమీ అడగలేదు. వరసలో ఉన్న అరవై మందికీ ఎవరెన్ని పోశారో తెలుసు, కూడితే ఎంతవుతుందో తెలుసు. ఎవరి గిన్నె వాళ్ళు తీసుకుని, నేల చూపులు చూసుకుంటూ వెళ్ళిపోయారు. గోడ మీద గీతలు ఆవిడ తుడిచేసింది.

ఆ నీళ్ళు ఎవరివో నేను తర్వాత కనిపెట్టాను. ఊళ్ళో ఎవర్నీ అడగలేదు ఆవిడ. ఒంటరి మనిషి, మామయ్య పోయి పదేళ్ళయింది, అయినా ఇంటి లెక్కలో ఎనిమిది బిందెలు వచ్చేవి. ట్యాంకరు దగ్గర గంటలు గంటలు నిలబడి తెచ్చుకున్న ఆ నీళ్ళే, రోజుకి బిందెన్నర చొప్పున, పాలల్లో పోసేది. ఇంట్లో స్నానానికి తడిగుడ్డతో ఒళ్ళు తుడుచుకోవడమే. పాలకంటే నీళ్ళు కరువైన ఊళ్ళో పాలల్లో నీళ్ళు కలిపిన వాళ్ళం ప్రపంచంలో మేమే అయ్యుంటాం. చెబితే ఎవరూ నమ్మరు.

అత్త మనిషి మారిపోయింది. పరీక్ష మాత్రం రోజూ అందరికీ చేసేది, అంకెలన్నీ నిజమే రాసేది. పరీక్ష అయ్యాక, లారీ వచ్చే ముందు, తలుపు దగ్గరికి వేసి బిందె ఒంపేది. బయటికొచ్చి మాతో మాట్లాడకుండా గట్టు చివర కూర్చునేది. ప్రతిసారీ ఒక గుక్క తాగి చూసేదాన్నని, రుచిలో ఏ తేడా లేదని తర్వాత నాతో చెప్పింది. నిజంగానే ఆవిడకి తేడా తెలియలేదు. అక్కడే మా కొంప మునిగింది.

పన్నెండో రోజు లారీ వెనకే జీపు వచ్చింది. ఆఫీసరు, ఆయనతో పాటు పాలు చల్లబరిచే చిల్లింగ్ సెంటర్ కుర్రాడు ఒకడు. కుర్రాడు యంత్రమేదీ పెట్టలేదు. నిండిన క్యాను మూత తీసి, ముక్కు దగ్గర పెట్టుకుని, "ఇదే సార్, బ్లీచింగ్" అన్నాడు.

ట్యాంకరు నీళ్ళలో బ్లీచింగ్ పౌడరు గుప్పిళ్ళకొద్దీ వేస్తారు. మొదట్లో మాకు టీ తాగితే కడుపులో తిప్పేది, పిల్లలు అన్నం కక్కేవాళ్ళు. ఏడాదిపాటు అదే తాగి, అందులోనే వండుకుని, దాంతోనే మొహాలు కడుక్కుని, ఊరు ఊరంతా ఆ వాసన మర్చిపోయింది. కొలతలన్నీ సరిపోయాయి. వెన్న ఏడున్నర, పాలు ముందే చిక్కన కాబట్టి లాక్టోమీటరూ గీత దాటలేదు. మా ముక్కులే చచ్చిపోయాయని మాకు తెలియదు.

"ఎవరు పోశారమ్మా ఇది? పేర్లు చెప్పండి. వాళ్ళని తీసేస్తే మీ మీదకి రాకుండా చూస్తాను" అన్నాడు ఆఫీసరు. ముందే చెప్పాగా, మంచివాడని.

నేను అత్తకి రెండడుగుల దూరంలో ఉన్నాను. నేనే చెప్పి చేయించానని అనడానికి నోరు తెరవాలి, అంతే. నాకో గేదె ఉంది, పిల్లాడి ఫీజు ఉంది, భయం ఉంది. నేను చేతిలో గిన్నె అంచు తుడుస్తూ నిలబడ్డాను.

"ఎవరూ పోయలేదు. పాలన్నీ మంచివే. నేను పోశాను" అంది అత్త.

కేంద్రం మూసేశారు. ఐదు క్యాన్లు లేవని మూసేస్తే, వానలొచ్చాక తెరుస్తామన్న మాటైనా మిగిలేది. కల్తీ జరిగిందని మూశారు కాబట్టి ఆ మాట కూడా పోయింది. తలుపు మీద అంటించిన కాయితంలో కేంద్రం నిర్వాహకురాలు కల్తీకి పాల్పడినందువల్ల అని ఉంది. పాల్పడినందువల్ల. ఆ మాట రాసినవాడు మా ట్యాంకరు దగ్గర ఒక్కపూట బిందె పట్టుకుని నిలబడి ఉంటే, నేను నోరు మూసుకునేదాన్ని.

వారం తిరిగేసరికి పొద్దున్నే మళ్ళీ లారీ వచ్చింది. పాల లారీ కాదు, గేదెల్ని కొనే వ్యాపారిది. పశువుల్ని ఎక్కించడానికి ఊళ్ళో ఆ గట్టు ఒక్కటే పనికొస్తుంది కాబట్టి అక్కడే ఆపాడు. అందరం అలవాటు ప్రకారం అదే వరసలో నిలబడ్డాం, గిన్నెల బదులు పలుపులు పట్టుకుని.

అతని దగ్గర రెండు ధరలున్నాయి. కాలవ నీళ్ళున్న ఊళ్ళలో పాడి నడిపేవాళ్ళ కోసం కొంటే ఒక ధర, కబేళాకైతే బరువు లెక్క. మొదటిది రెండోదానికి మూడింతలు. కానీ మా గేదెల్ని చూసి ఏది పాడిదో, ఏది వట్టిపోయిందో దేవుడు కూడా చెప్పలేడు. అన్నీ ఎముకల గూళ్ళే, అన్నీ పూటకి లీటరు, లీటరున్నర ఇచ్చేవే. మేతా నీళ్ళూ పెడితే ఏది ఎంతిస్తుందో తెలిసిన మనిషి ఊళ్ళో ఒక్కరే ఉన్నారు.

ఎవరో పిలిచారు. అత్త వచ్చింది. వారంగా ఇంట్లోంచి కదలని మనిషి, వచ్చి గట్టు పక్కన నిలబడి, వరసలో మొదటి గేదె వీపు మీద చెయ్యి వేసింది.

"ఇది మూడో ఈత. మేత ఉంటే పూటకి ఐదు లీటర్లు తక్కువ ఇవ్వదు" అంది.

వ్యాపారి ఇబ్బందిగా మెడ రుద్దుకున్నాడు. "అమ్మా, ఇదివరకు ఈ ఊళ్ళో మీ మాట మీదే కొన్నాను. మీరు ఐదంటే ఐదే ఇచ్చేది, కాదనను. ఇప్పుడు మీ పేరు చెబితే అక్కడ నన్ను చూసి నవ్వుతారు. ఈ కేంద్రం ఎందుకు మూశారో అందరికీ తెలుసు."

"గేదెలు నీళ్ళు పోయలేదు బాబూ, పోసింది నేను. వాటికెందుకు శిక్ష?"

"నేనేం చెయ్యనమ్మా" అని అతను గేదె తుంటి నొక్కి చూసి, పుస్తకంలో బరువు రాసుకున్నాడు.

అప్పుడు తెరిచాను నోరు. తెరవాల్సిన రోజుకి వారం ఆలస్యంగా. "ఆవిడది తప్పు కాదు. నీళ్ళు పొయ్యమన్నది నేను. ఆవిడ మాట నమ్మండి" అన్నాను, ఊరందరూ వింటుండగా.

వ్యాపారి నన్నూ, అత్తనీ, నా చేతిలో పలుపునీ చూశాడు. "అంటే మేనత్తా మేనకోడలూ కలిసే చేశారన్నమాట" అన్నాడు, చాలా మామూలుగా. వరసలో ఎవరో నవ్వబోయి ఊరుకున్నారు.

అత్త వెనక్కి వెళ్ళిపోతుందనుకున్నాను. వెళ్ళలేదు. వరసలో ఉన్న ప్రతి గేదె దగ్గరా ఆగింది. ఒక్కోదాని వీపు నిమిరి, ఎన్నో ఈతో, పూటకి ఎన్ని లీటర్లో, వెన్న ఎంతో గట్టిగా చెప్పింది. ఒక్కటి కూడా ఎక్కువ చెప్పలేదు. మా ఎదురింటి గేదె దగ్గర, "ఇది రెండే ఇస్తుంది, దీన్ని బరువుకే తీసుకోండి" అంది. ఆ ఇంటామె నిప్పులు చెరుగుతున్న కళ్ళతో చూసినా మాట మార్చలేదు.

చివరికి నా దగ్గరికి వచ్చింది. నా గేదె ఆవిడ చెయ్యి వాసన చూసింది.

"రెండో ఈత. పూటకి ఆరు లీటర్లు, వెన్న ఏడున్నర" అంది అత్త.

వ్యాపారి తలెత్తకుండానే దాని బరువు రాసుకున్నాడు.